ఉత్తర ఒంటారియోలో ఫ్లై-ఇన్ ఫిషింగ్ ట్రిప్: వెళ్ళొచ్చు, కానీ సోమవారం పని పెట్టుకోకండి

మీరు అడిగింది ఇదీ: టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఉండే నలుగురు మిత్రులు, గాలం వేయడం అంతంతమాత్రం. చిన్న విమానంలో తీసుకెళ్ళి అడవి మధ్య సరస్సు ఒడ్డున క్యాబిన్‌లో వారం పాటు వదిలేసే ట్రిప్‌కి మనిషికి రెండు వేల డాలర్ల దాకా పెట్టడం దండగ కాదా, ముందుగా ఏం చూసుకోవాలి అని.

రెండేళ్ళ కిందట జూన్ రెండో వారంలో మేం వెళ్ళొచ్చాం. మేమూ నలుగురమే, ఇద్దరికి గాలం పట్టుకోవడమే కొత్త. డబ్బు దండగ అనిపించలేదు. కాకపోతే అక్కడ ఒకసారి దిగాక మనకు కావలసినప్పుడు బయటపడటం మన చేతిలో ఉండదు. నా లెక్కలో అసలు ఖర్చు అదే. దానికి మనసు సిద్ధంగా ఉంటేనే బుక్ చేయండి.

మేం విమానం ఎక్కింది హర్స్ట్ అనే ఊరి దగ్గర. టొరంటో నుంచి హైవే 11 మీద 900 కిలోమీటర్లకు పైనే. ఊళ్ళో దాదాపు అందరూ ఫ్రెంచే మాట్లాడతారు, కాఫీ షాపులో కూడా పలకరింపు ఫ్రెంచ్‌లోనే. దారిలో ఒకచోట, ఇక్కడి నుంచి నీళ్ళన్నీ ఉత్తరానికి ఆర్కిటిక్ వైపు పారతాయని బోర్డు కనిపిస్తుంది. అది దాటాక చీకట్లో బండి నడపకండి. మూస్, అంటే దుప్పి జాతి పెద్ద జంతువు, రోడ్డు మీదకు వస్తే దాని కాళ్ళు తప్ప హెడ్‌లైట్‌కి ఏమీ అందదు. అందుకే మేం మధ్యలో ఒక రాత్రి ఆగాం.

పొద్దున్నే డాక్ మీద, అంటే నీటి ఒడ్డున విమానం ఆగే చెక్క వంతెన మీద, కాటా పెట్టారు. సామాన్లతో పాటు మమ్మల్ని కూడా ఎక్కించి తూచారు. మనిషికి 80 పౌండ్ల సామాను అని ముందే చెప్పారు, మనవాళ్ళ సంగతి తెలిసిందేగా. పది కిలోల సోనా మసూరి, కుక్కర్, పచ్చడి సీసాలు, పైగా రెండు పెట్టెల బీరు. 24 క్యాన్ల పెట్టె ఒక్కటే దాదాపు 20 పౌండ్లు తూగుతుంది. మా బావమరిది అన్నిటికన్నా కింద ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ దాచి తెచ్చాడు. పైలట్ దాన్ని బయటికి తీసి, వైరు చేత్తో పట్టుకుని, 'దీన్ని ఏ చెట్టుకి పెడతారు?' అని అడిగాడు. క్యాబిన్‌లో కరెంటు ఉండదని వెబ్‌సైట్‌లో రాసే ఉంది, చదివింది నేనొక్కణ్ణే. సగం బియ్యం, ఒక బీరు పెట్టె, రైస్ కుక్కర్ షెడ్డులోనే ఉండిపోయాయి. మీరు ఇంట్లోనే తూచుకుని వెళ్ళండి.

విమానం డి హావిలాండ్ బీవర్. ఆ రకం మొదటిసారి ఎగిరింది 1947లో, అదీ టొరంటోలోని డౌన్స్‌వ్యూలోనే. 1967లో తయారీ ఆగిపోయింది. అంటే మీరు కూర్చునే విమానం వయసు మీకన్నా ఎక్కువే, ఇంజిన్ మాత్రం ఎప్పటికప్పుడు విప్పి బాగు చేస్తుంటారు. చక్రాల బదులు నీళ్ళ మీద తేలడానికి దీనికి ఫ్లోట్లు అనే బోలు తొట్లు ఉంటాయి. బయల్దేరే ముందు పైలట్ వాటి మీద నడుస్తూ, ఒక్కో గది మూత తీసి, చేతి పంపుతో లోపలి నీళ్ళు తోడేశాడు. మిగతా ముగ్గురి మొహాలూ పాలిపోయాయి. మాది కోనసీమ. నాటు పడవలో ఊరిన నీళ్ళు తోడుకుంటూ కాలవ దాటినవాణ్ణి కాబట్టి నాకు పెద్ద టెన్షన్ అనిపించలేదు. అది వాళ్ళు రోజూ చేసే పనే.

35 నిమిషాల్లో దింపేశారు. క్యాబిన్‌లో గ్యాస్ పొయ్యి, గ్యాస్‌తోనే నడిచే ఫ్రిజ్, కట్టెల పొయ్యి, సోలార్ దీపాలు. మరుగుదొడ్డి బయట చెట్ల మధ్య. 9.9 హార్స్‌పవర్ మోటార్లతో రెండు అల్యూమినియం పడవలు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నా కాచుకునే తాగండి, బీవర్ ఫీవర్ అనే కడుపు జబ్బు ఊరికే వదలదు. లైఫ్ జాకెట్ ఒంటి మీద నుంచి తీయకండి. జూన్‌లో కూడా ఆ నీళ్ళకు ఈత వచ్చినవాళ్ళ చేతులు కూడా కొయ్యబారిపోతాయి.

చేపల్లో ముఖ్యంగా పడేవి వాలై, నార్తర్న్ పైక్. వాలైని అక్కడివాళ్ళు పికరెల్ అంటారు, రెండూ ఒకటే, కంగారు పడకండి. పిల్లి కంట్లో ఉన్నట్టు దాని కంట్లోనూ వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది. అందుకే మసక చీకట్లో మిగతా చేపల కన్నా దానికి బాగా కనబడుతుంది, పొద్దుగూకే వేళకే వేటకు దిగుతుంది. జూన్‌లో పది దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి మేం ఎనిమిదింటికి అన్నాలు తిని పడవెక్కేవాళ్ళం.

పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. మామూలు రాడ్, 8 పౌండ్ల లైన్, పావు ఔన్సు జిగ్‌లు (తల దగ్గర బరువు ఉన్న గాలాలు) ఓ పాతిక, వాటికి తొడిగే రబ్బరు తోకలు, ఒక డబ్బా వానపాములు చాలు. సరస్సులోకి వాగు వచ్చి కలిసే చోటు చూసుకోండి. జిగ్ అడుగున తగిలేదాకా వదిలి, జానెడు ఎత్తి, మళ్ళీ వదలాలి. వాలై గుంజదు. ఎవరో తలుపు మీద ఒక వేలితో ఒక్కసారి తట్టినట్టు ఉంటుంది, అంతే. ఆ తట్టు పట్టుబడేదాకా మా బావమరిది మొదటి సాయంత్రమంతా ఎర మేపుతూనే ఉన్నాడు. రెండో రోజు నుంచి అతన్ని భోజనానికి పిలవడమే పనైపోయింది. పైక్ తీరు వేరు. మీదపడి లాక్కుపోతుంది, పళ్ళతో లైన్ కొరికేస్తుంది. లైన్ చివర కట్టే ఉక్కు తీగలు, అంటే లీడర్లు, తీసుకెళ్ళక 11 జిగ్‌లు దానికి సమర్పించుకున్నాం.

తినడానికి వాలై బంగారం. తెల్లటి మాంసం, ముళ్ళు తక్కువ, మన కొరమీనుకి దగ్గరగా ఉంటుంది కానీ ఇంకాస్త సుతారం. పులుసులో గరిట పెట్టారా విడిపోతుంది. ఇంట్లో అమ్మలు చేసినట్టు గిన్నె రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. పైక్‌లో వై అక్షరంలా చీలిన ముళ్ళు ఉంటాయి. పులస తిని పెరిగిన నాకు అడ్డు రాలేదు, హైదరాబాద్ మిత్రుడు రెండు ముద్దలకే చెయ్యి కడిగేసుకున్నాడు. చింతపండు గుజ్జు, కారం, పసుపు, ధనియాల పొడి చిన్న కవర్లలో పెట్టుకోండి, బరువూ ఉండదు.

కూలర్ నింపుకొద్దామని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఉత్తరాన చాలా ఫిషింగ్ జోన్లలో స్పోర్ట్ లైసెన్స్ ఉన్నవాళ్ళ దగ్గర 4 వాలైలే ఉండాలి, వాటిలో 46 సెంటీమీటర్లు దాటింది ఒక్కటే. తక్కువ చేపలకే అనుమతిచ్చే కన్సర్వేషన్ లైసెన్స్ అయితే 2. ఫ్రిజ్‌లో పెట్టినవీ లెక్కలోకే వస్తాయి. మీ జోన్ నిబంధనలు ఆ ఏడాదివి చూసుకోండి. ఫిల్లెట్ చేసేటప్పుడు ఏ చేపో తెలిసేలా కాస్త చర్మం వదలాలి, లేకపోతే దారిలో అధికారి ఆపితే ఇబ్బంది. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారిని తీసుకెళ్తే, 65 దాటినా ఆయనకు లైసెన్స్ కావాలి. ఆ మినహాయింపు కెనడాలో నివాసం ఉన్నవాళ్ళకే. పెద్ద చేపలను ఫొటో తీసుకుని వదిలేయండి. వాటిలో పాదరసం పేరుకుంటుంది, పిల్లలకు, గర్భిణులకు మరీ మంచిది కాదు. ఏ సరస్సు చేప ఎంత తినొచ్చో ఒంటారియో ప్రభుత్వ గైడ్‌లో ఉంటుంది.

కడిగిన పేగులూ తలలూ క్యాబిన్ దగ్గర పారేస్తే ఎలుగుబంటిని భోజనానికి పిలిచినట్టే. మేం పడవలో దూరంగా ఒక రాతి దీవి మీద వేసేవాళ్ళం, గల్స్ అనే నీటి పక్షులు ఐదు నిమిషాల్లో ఊడ్చేసేవి. దోమల కన్నా జూన్‌లో నల్ల ఈగలు ఘోరం. కుట్టినప్పుడు తెలియదు, చెవి వెనక చెయ్యి పెడితే నెత్తురు అంటుతుంది. తలకు కూడా వల ఉన్న బగ్ జాకెట్ కొనండి. ఈగలు పడకపోతే ఆగస్టు చివర వెళ్ళండి. చేపలు లోతుకు దిగి ఉంటాయి, కొత్తవాళ్ళకు కాస్త కష్టం.

ఇక మొదట చెప్పిన మాటకొస్తాను. శనివారం పొద్దున తొమ్మిదింటికి విమానం రావాలి. ఆరింటికి లేచి చూస్తే ఎదురుగా ఉన్న మా పడవే కనిపించనంత పొగమంచు. పైలట్ కంటితో చూస్తూ దిగాలి కాబట్టి ఆ మంచులో ఎవరూ రారు. క్యాబిన్‌లో శాటిలైట్ ఫోన్ ఉందని ఔట్‌ఫిట్టర్, అంటే ట్రిప్ నడిపే ఆయన, ముందే చెప్పాడు. ఉంది, చార్జింగే లేదు. నేను అద్దెకు తెచ్చిన గార్మిన్ ఇన్‌రీచ్ అనే శాటిలైట్ మెసెంజర్ నుంచి మెసేజ్ పెడితే, 'ఈరోజు కాదు, రేపు చూద్దాం' అని జవాబు వచ్చింది. మధ్యాహ్నానికి మంచు పోయి వాన, గాలి. మా గుంటూరు మిత్రుడికి సోమవారం పొద్దున ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్. సద్దిన బ్యాగు భుజానికి తగిలించుకుని రోజంతా డాక్ చివర నిలబడ్డాడు, ఆకాశం వైపు చూస్తూ. పక్కనే లూన్ పక్షి అరుస్తుంటే, అది తనను చూసి నవ్వుతోందని దాన్నీ తిట్టాడు.

మిగిలిన సరుకు రెండు గ్లాసుల బియ్యం, మూడు ఉల్లిపాయలు, అడుగంటిన ఆవకాయ. ఆ పూటకు చేపలు పట్టుకుని గడిపేశాం. విమానం ఆదివారం సాయంత్రం నాలుగింటికి వచ్చింది. అక్కడి నుంచి మళ్ళీ 900 కిలోమీటర్లు. మిత్రుడు సోమవారం మీటింగ్‌కి హైవే పక్కన పెట్రోల్ బంకు పార్కింగ్‌లోంచి హాజరయ్యాడు. అందుకే మీరు తిరుగు ప్రయాణానికి రెండు రోజులు అదనంగా సెలవు పెట్టండి, రెండు రోజుల సరుకు అదనంగా కట్టుకోండి, శాటిలైట్ మెసెంజర్ మీదే తీసుకెళ్ళండి. అడవుల్లో మంటలు రేగితే పొగ వల్ల కూడా ఇలాగే ఆగిపోవచ్చు కాబట్టి, డబ్బు వాపసు షరతులేమిటో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

మీ నలుగురిలో ఒక్కరికైనా ఇది కుదరకపోతే, ఈసారికి లేక్ నిపిస్సింగ్ వైపు కారులో వెళ్ళగలిగే లాడ్జి చూసుకోండి. టొరంటో నుంచి నాలుగు గంటలు, వాలై అక్కడా పడుతుంది, కరెంటూ ఉంటుంది. మా బావమరిది కిందటేడు అక్కడికే వెళ్ళాడు, రైస్ కుక్కర్‌తో సహా.