విజయవాడలో దిగి రెండు రోజులు: పల్లెల వైపు ఏం చూడాలి?

డిసెంబరులో హైదరాబాద్ నుంచి కారులో వస్తున్నామని, శనివారం, ఆదివారం మాత్రమే చేతిలో ఉన్నాయని రాశారు. వెంట మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారు, ఐదో తరగతి పాప. ఉండవల్లి, అమరావతి, కొండపల్లి, కొండవీడు, కోటప్పకొండ, నాగార్జునకొండ అన్నీ కుదురుతాయా అని అడిగారు.

కుదరవండి. నేను గుంటూరులో పుట్టి పెరిగినదాన్ని, పదిహేనేళ్ళుగా వీలు దొరికిన ఆదివారమల్లా ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నాను. మీ జాబితాలో సగం కొట్టేస్తేనే మిగతా సగం కంటికి ఆనుతుంది. నాగార్జునకొండను ముందే తీసేయండి. సాగర్ దాకా వెళ్ళి, లాంచీ ఎక్కి, దీవి మీద మ్యూజియం చూసి రావడానికే ఒక రోజు పోతుంది. మీకు హైదరాబాద్ నుంచి ఇంకోసారి విడిగా వెళ్ళడమే తేలిక. కోటప్పకొండ కూడా ఈసారికి వద్దు. శివరాత్రికి ప్రభలు కట్టినప్పుడు చూడాలి దాన్ని.

శనివారం ఉదయం ఏడింటికల్లా ప్రకాశం బ్యారేజీ దాటేయండి. ఆ వేళకు ట్రాఫిక్ పలచగా ఉంటుంది, నది మీద మంచు ఇంకా తేలుతూ ఉంటుంది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చిన బ్యారేజీ ఇది. దాటగానే కాస్త దూరంలో ఉండవల్లి. ఒకే కొండను తొలిచి చేసిన నాలుగు అంతస్తులు. మెట్లు కొంచెం ఎత్తు, నాన్నగారికి కష్టమనిపిస్తే ముందున్న పచ్చిక దగ్గర కూర్చోబెట్టండి, అక్కడి నుంచి కూడా గుహ ముఖం నిండుగా కనిపిస్తుంది. పాపను మాత్రం మూడో అంతస్తుకు తీసుకెళ్ళండి. శేషుడి మీద పడుకున్న అనంతపద్మనాభుడు అక్కడే ఉన్నాడు, కొండ రాతిలోనే మలిచిన విగ్రహం. మా అక్క కూతురు ఆ చీకట్లో పాదాల దగ్గర మొదలుపెట్టి తల దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచింది. కింది అంతస్తులో పూర్తి చేయకుండా వదిలేసిన స్తంభాలున్నాయి, అవి తప్పక చూపించండి. ఉలి ఎక్కడ ఆగిపోయిందో అక్కడ తెలుస్తుంది.

అక్కడి నుంచి కరకట్ట మీదుగా అమరావతి దాదాపు 30 కిలోమీటర్లు. దారిలో అరటి తోటలు, కూరగాయల మళ్ళు, అక్కడక్కడా పూల తోటలు. రాజధాని పనుల వల్ల ఎక్కడైనా దారి మళ్ళిస్తే ఊళ్ళోవాళ్ళను అడగండి, ఫోన్‌లో మ్యాప్ చూపించేదాని కన్నా వాళ్ళు బాగా చెబుతారు.

మీరు అమరావతికి ఎక్కువ సమయం ఉంచుకోవాలన్నది నా గట్టి మాట. కాలేజీలో ఉండగా స్నేహితులతో మొదటిసారి వెళ్ళాను. శుక్రవారం వెళ్ళాం, ఆ రోజు మ్యూజియానికి సెలవు. నేరుగా పాత బౌద్ధ స్తూపం దగ్గరికి నడిచాం. గుండ్రటి మట్టి దిబ్బ, చుట్టూ నాలుగు విరిగిన రాళ్ళు. ‘ఇంతేనా?’ అనుకుని పది నిమిషాల్లో బయటికొచ్చేశాం. తర్వాత చాలా ఏళ్ళకు పెళ్ళి పని మీద చెన్నై వెళ్ళినప్పుడు ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాల గదిలోకి అడుగుపెట్టాను. ఒక గుండ్రటి పలకలో బుద్ధుడి మీదికి వదిలిన నలగిరి ఏనుగు ఉంది. ఒక పక్క మదమెక్కి మనుషులను తొక్కేస్తోంది, అదే పలకలో ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లింది. మేడల కిటికీల్లోంచి జనం భయంగా తొంగిచూస్తున్నారు. మా ఊరికి గంట దూరంలోని రాళ్ళు ఇవి, వీటిని చూడటానికి నేను చెన్నై రావాల్సి వచ్చిందే అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ దిబ్బను ఊళ్ళో దీపాలదిన్నె అనేవారు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని తన పట్నంగా కట్టుకుంటున్న రోజుల్లో ఇటుకల కోసం, రాళ్ళ కోసం దాన్ని తవ్వారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్ళీ వచ్చి ఆ శిల్పాల బొమ్మలు గీయించాడు. 1845లో ఇంకో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, వాటిలో చాలా భాగం అక్కడి నుంచి లండన్ వెళ్ళిపోయాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మనకు మిగిలింది ఆ గుండ్రటి దిబ్బ, మ్యూజియంలో ఉన్న కొన్ని పలకలు. అందుకే ముందు మ్యూజియం చూడండి, స్తూపం నమూనా దగ్గర నిలబడి ఏ పలక ఎక్కడ ఉండేదో నాన్నగారూ పాపా కలిసి వెతకనివ్వండి. ఆ తర్వాత దిబ్బ చుట్టూ నడవండి. మీరు శనివారం వస్తున్నారు కాబట్టి సెలవు ఇబ్బంది లేదు.

సాయంత్రం అమరేశ్వరుడి గుడి. పంచారామాల్లో ఒకటి. లింగం ఎంత పొడవంటే పూజారి పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తాడు. దర్శనం అయ్యాక రేవు మెట్ల మీద కాసేపు కూర్చోండి. కృష్ణ అక్కడ చాలా వెడల్పు.

ఆదివారం కొండవీడు. కొండపల్లి కోటా మంచిదే కానీ రెండిట్లో ఒకటే చూడగలిగితే నేను కొండవీడే అంటాను. గుంటూరు దాటి ఫిరంగిపురం వైపు వెళ్ళే దారిలో డిసెంబరులో పత్తి తెల్లగా విచ్చుకుని ఉంటుంది, పక్కనే మిరప చేలు. ఫిబ్రవరి, మార్చిలో వస్తే ఎర్రటి మిర్చి కల్లాలు చూసేవారు, ఘాటుకు తుమ్ములు కూడా వచ్చేవి. ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి నాన్నగారు కారులోనే పైదాకా వస్తారు. పెదకోమటి వేమారెడ్డి దగ్గర శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న రాజధాని ఇది. 1515లో కృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజుల నుంచి పట్టుకున్న కోట ఇదే. కొండ మీద చెరువులు, వాటి గట్ల వెంబడి కూలిన గోడలు, కింద చేలు.

ఎండ ఎక్కకముందే పైన ఉండాలి, నీళ్ళు దండిగా పెట్టుకోండి. ఘాట్ రోడ్డు రాకముందు ఒకసారి మే నెలలో అమ్మను వెంటబెట్టుకుని పదకొండింటికి మెట్లెక్కాను. ఒకే ఒక్క సీసా నీళ్ళు. సగం దారిలో అమ్మకు కళ్ళు తిరిగి కూలబడిపోయింది, నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మేకలు తోలుకెళ్తున్న పెద్దాయన ఒకాయన తన సీసాలో నీళ్ళు అమ్మ ముఖాన చల్లి, తాగించి, చెట్టు నీడకు నడిపించి, ఆమె లేచేదాకా పక్కనే కూర్చున్నాడు. ‘అమ్మా, ఈ కొండ పొద్దున్నే ఎక్కాలి’ అన్నాడు. ఇప్పటికీ ఎవరడిగినా నేను చెప్పేది అదే. కొండవీడు సీతాఫలాలు మీకు దొరకవు, వాటి కాలం వానలతోనే అయిపోతుంది.

మధ్యాహ్నం గుంటూరులో భోంచేసి నాన్నగారిని ఓ గంట పడుకోనివ్వండి. ఓపిక ఉంటే చేబ్రోలు వెళ్ళొచ్చు. కోనేటి మధ్యలో చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉంది. శాతవాహన రాజు విజయుడి కాలపు సంస్కృత శాసనం, క్రీ.శ. 207 నాటిది, బయటపడిన ఊరు కూడా అదే. ఓపిక లేకపోతే వదిలేయండి, కానీ సాయంత్రం నాలుగున్నరకు ఉప్పలపాడు మాత్రం మానొద్దు. చిన్న ఊరి చెరువు, దాని మధ్యలో తుమ్మ చెట్ల మీద, ఇనుప స్టాండ్ల మీద వందల కొద్దీ గూడబాతులు, కొంగలు. మెట్లెక్కే పని లేదు, గట్టు మీద నిలబడితే చాలు. పొద్దు వాలేకొద్దీ గుంపులు గుంపులుగా తిరిగొచ్చి చోటు కోసం పోట్లాడుకుంటాయి. దుర్భిణి ఉంటే పాప చేతికివ్వండి.

కొండపల్లి బొమ్మలు తిరుగు ప్రయాణంలో తీసుకోవచ్చు. ఆదివారం రాత్రికి విజయవాడలో ఆగి సోమవారం పొద్దున్నే బయల్దేరగలిగితే, ఇబ్రహీంపట్నం దగ్గర హైవే దిగి కాస్త లోపలికెళ్తే బొమ్మలు చేసే ఇళ్ళున్నాయి. తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్ళూ అతికిస్తారు. కొనేముందు పాపను ఆ పని చూడనివ్వమని అడగండి, నన్నెప్పుడూ ఎవరూ కాదనలేదు.