మొదటి ఎర్రర్ దగ్గరే ఆగు

అమ్మలూ,

రాత్రి నువ్వు పంపిన సి లాంగ్వేజ్ ప్రోగ్రామ్ చూశాను. 31 లైన్లకి 11 ఎర్రర్లు వచ్చేసరికి టెన్షన్ పడిపోయి "నాకు సి రాదేమో బాబాయ్" అని రాశావు. ఆ ఎర్రర్లన్నిటికీ కారణమైన తప్పు ఒక్కటే. 14వ లైన్లో మూసే బ్రాకెట్ ఒకటి ఎక్కువ పడింది.

ఫర్ లూప్ అయిపోయాక } పెట్టావు, అది సరైనదే. దాని కిందే ఇంకోటి పడింది. దాన్ని చూసి కంపైలర్, అంటే నీ కోడ్‌ని కంప్యూటర్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్, మెయిన్ ఫంక్షన్ అక్కడితో అయిపోయిందనుకుంది. ఆ కింద నువ్వు రాసిన ప్రింట్ఎఫ్‌లు, ఇఫ్‌లు, రిటర్న్ అన్నీ దానికి ఏ ఫంక్షన్‌లోనూ లేకుండా బయట పడి ఉన్న లైన్లుగా కనిపించాయి. అలా బయట రాయడం సి ఒప్పుకోదు కాబట్టి వరసగా తప్పులు పట్టుకుంటూ పోయింది. నువ్వేమో ఆఖరి ఎర్రర్ దగ్గర మొదలుపెట్టి, ఏ తప్పూ లేని రిటర్న్ లైన్‌ని నాలుగు రకాలుగా మార్చి చూశావు. స్క్రీన్ మీద ఎదురుగా కనిపించేది ఆఖరిదే కదా, కొత్తవాళ్లందరూ దాన్నే పట్టుకుంటారు. ఇకమీదట పైకి జరిపి మొదటిది చూడు. దాన్నొక్కదాన్నే సరిచేసి మళ్లీ కంపైల్ చెయ్యి. మిగతావి అప్పటిదాకా చదవనే వద్దు.

ఎర్రర్ ముందు 16:5 అని ఉంటే 16వ లైను, అందులో 5వ అక్షరం అని అర్థం. అయితే తప్పు అక్కడే ఉండాలని లేదు. కంపైలర్‌కి అర్థం కాకుండా పోయిన చోటు అది. సెమికోలన్ మర్చిపోయినప్పుడు ఇది బాగా తెలుస్తుంది. సి లో లైను మారినంత మాత్రాన వాక్యం ముగిసినట్టు కాదు, కంపైలర్ కింది లైన్‌ని కూడా కలిపి చదువుకుంటూ పోతుంది. అక్కడ పొసగని మాట తగిలాకే ఆగుతుంది. అందుకే చాలాసార్లు అది చూపించే లైను శుభ్రంగా ఉంటుంది, తప్పు దాని పైలైను చివర ఉంటుంది. నేర్చుకునే రోజుల్లో నేను ఒక సాయంత్రమంతా అలాంటి శుభ్రమైన లైన్‌నే చూస్తూ కూర్చున్నాను. చూపించిన లైన్లో ఏమీ దొరక్కపోతే కళ్లు పైకి తిప్పు.

పీడీఎఫ్ నుంచి కోడ్ కాపీ చేయకు. అందులో వంకర తిరిగిన కోట్స్ ఉంటాయి, సి కి కావాల్సినవి నిటారుగా ఉండే కోట్స్. 'స్ట్రే' అనే మాట, దాని పక్కన 342 లాంటి అంకెలు కనిపిస్తే ఆ కోట్స్ చెరిపేసి నువ్వే టైప్ చెయ్యి.

'ఇంప్లిసిట్ డిక్లరేషన్' అంటే నువ్వు పిలిచిన ఫంక్షన్ గురించి కంపైలర్‌కి ముందుగా ఎవరూ చెప్పలేదని. ఆ పరిచయం ఉండే హెడర్ ఫైల్ మర్చిపోయి ఉంటావు, లేదా ప్రింట్ఎఫ్ మొదటి అక్షరం పెద్దది కొట్టి ఉంటావు. నీ ఫ్రెండ్ కంప్యూటర్లో నడిచిన ప్రోగ్రామ్ నీ దగ్గర ఆగిపోయిందన్నావు చూడు, కారణం ఇదే అయ్యుండొచ్చు. ముందుగా చెప్పకుండా ఫంక్షన్‌ని పిలిచే వెసులుబాటుని సి 1999 స్టాండర్డ్‌లోనే తీసేసినా, మనం వాడే కంపైలర్ జీసీసీ చాలా ఏళ్లపాటు వార్నింగ్‌తో వదిలేసింది. 2024లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి దాన్ని ఎర్రర్‌గా లెక్కేస్తోంది.

'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అని వస్తే అది మాట్లాడుతున్నది కంపైలర్ కాదు, కంపైల్ అయిన ముక్కల్ని కలిపే లింకర్. నీ కోడ్ చదవడం అయిపోయింది, ఫంక్షన్ అసలు శరీరమే ఎక్కడా దొరకలేదు. మెయిన్ స్పెల్లింగ్‌లో అక్షరాలు తారుమారైనా ఇదే వస్తుంది. అక్కడ లైన్ నంబర్ కోసం వెతక్కు, పేరు చూడు.

వార్నింగులని మాత్రం నిర్లక్ష్యం చేయకమ్మా. కంపైల్ చేసే కమాండ్‌లో వార్నింగులు చూపించే -వాల్ (-Wall) అనే ఆప్షన్ ఎప్పుడూ పెట్టుకో, అందులో డబ్ల్యూ పెద్దక్షరం. స్కాన్ఎఫ్‌లో వేరియబుల్ ముందు & మర్చిపోతే ప్రోగ్రామ్ కంపైల్ అయిపోతుంది, కానీ నడిపి ఒక అంకె ఇవ్వగానే తనది కాని మెమరీని తాకి సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో కూలిపోవచ్చు. ఆ సంగతి వార్నింగ్ ముందే చెప్పి ఉంటుంది. '%డీ'కి అడ్రస్, అంటే మెమరీలో వేరియబుల్ ఉన్న చోటు, కావాలి, నువ్వు మామూలు అంకె ఇచ్చావు అని.

ఇంకొకటి, 31 లైన్లూ రాసేసి ఒకేసారి కంపైల్ చేయకు. బ్రాకెట్ తెరవగానే మూసేదీ పెట్టేసి, మధ్యలో రాసుకో. నాలుగైదు లైన్లకోసారి కంపైల్ చేస్తే కొత్త తప్పు ఆ నాలుగైదింటి చుట్టుపక్కలే దొరుకుతుంది.

14వ లైన్లో ఆ బ్రాకెట్ తీసేసి -వాల్ పెట్టి నేను కంపైల్ చేసి చూశాను. ఎర్రర్లు పోయాయి. 19వ లైన్‌కి మాత్రం, ఇఫ్ దగ్గర, ఒక వార్నింగ్ వస్తోంది. అదేంటో నేను చెప్పను. చదివి, సరిచేసి రేపు పంపించు.

బాబాయ్