స్టాప్ బోర్డు అడిగే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న దీవెనలు.

మీ వీధి చివర కూడలిలో, ప్రతి బండీ పూర్తిగా ఆగి చూసుకుని వెళ్లాలని చెప్పే స్టాప్ బోర్డు పెట్టించాలని సంతకాలు సేకరిస్తున్నట్టు రాశావు. ఆ పని భుజాన వేసుకున్నందుకు చాలా సంతోషం. ట్రాఫిక్ ఇంజనీరుగా ఇలాంటి అర్జీలు ఎన్నో చూసినవాణ్ని కాబట్టి కొన్ని సంగతులు చెబుతాను.

అసలు అక్కడి ఇబ్బంది ఏమిటో ముందు తేల్చుకోండి. బండ్లు మరీ వేగంగా పోతున్నాయన్నదే బాధ అయితే స్టాప్ బోర్డు దానికి మందు కాదు. అమెరికాలో రోడ్డు గుర్తులకు పాటించే జాతీయ నిబంధనలు కూడా వేగం తగ్గించడానికి దీన్ని వాడొద్దనే చెబుతాయి. బోర్డు దగ్గర ఆగినవాళ్లు పోయిన టైమ్ రాబట్టుకోవాలని తర్వాత ఇంకా గట్టిగా తొక్కుతారు. పక్కరోడ్డు నుంచి ఎప్పుడూ ఎవరూ రాని చోట రోజూ ఆగమంటే కొన్నాళ్లకు ఆగడమే మానేస్తారు. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇక్కడే. రోడ్డు దాటే పిల్లవాడు మాత్రం ఆ బోర్డును నమ్మి అడుగు వేస్తాడమ్మా. వేగానికైతే స్పీడ్ బ్రేకరో, చిన్న రౌండబౌటో అడగండి.

చిన్న వీధి పెద్ద రోడ్డులో కలిసేచోట, పక్కనుంచి వచ్చే బండి మీద పడేదాకా కనిపించని చోట స్టాప్ బోర్డు తప్పకుండా ఉండాలి. నువ్వే వెళ్లి, కారులో కూర్చున్న మనిషి కన్ను ఉండే ఎత్తుకు, అంటే నేల నుంచి మీటరు పైచిలుకుకు వంగి రెండువైపులా చూడు. చెట్టుకొమ్మ అడ్డం వస్తోందా? మలుపులోనే ఎవరైనా వ్యాన్ పెడుతున్నారా? కొమ్మ కొట్టించి, అక్కడ పార్కింగ్ తీయిస్తే సరిపోయేదానికి బోర్డు దాకా పోనక్కర్లేదు. చూపు బాగా ఆనే చోట ‘దారి ఇవ్వండి’ బోర్డు చాలు.

నాలుగువైపులా ఆపాలంటే మాత్రం ఇంకా గట్టి కారణం చూపాలి. రెండు రోడ్ల మీదా రద్దీ ఇంచుమించు సమానంగా ఉంటేనే అది బాగా నడుస్తుంది. నేను చెప్పిన అమెరికా నిబంధనల్లో నాలుగు రోడ్ల కూడలికి ఒక కొలత, 12 నెలల్లో 5 ప్రమాదాలు, అదీ అన్నివైపులా ఆపితే తప్పిపోయే రకానివి. అంతమంది దెబ్బలు తినేదాకా కూర్చోమని నేను అనను. చిన్న రోడ్డు వైపు ఆగి చూసినా పెద్ద రోడ్డు మీద వచ్చే బండి కనబడకపోతే ఆ ఒక్క కారణంతోనే అడగొచ్చు.

అర్జీలో సంతకాలతో పాటు ఆ మూల ఫొటోలు, బడి వేళలో ఏ రోడ్డు మీద గంటకు ఎన్ని బండ్లు పోతున్నాయో లెక్క, తృటిలో తప్పిన ప్రమాదాల తేదీలు జతచేయండి. ఇచ్చేముందు ఒకసారి నాకు పంపు, చదివి చెబుతాను.