తొమ్మిదో ప్రశ్న చూశారా?

ప్రశ్న: గుంటూరులో ఎమ్మెస్సీ సైకాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. క్లినికల్ సైకాలజిస్టు కావాలని ఆశ. డిజర్టేషన్‌కి ‘ఇంటర్ హాస్టల్ విద్యార్థుల్లో పరీక్షల ఒత్తిడి’ టాపిక్ తీసుకున్నాను. నెట్‌లో దొరికిన, డిప్రెషన్ లక్షణాలు అడిగే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిని గూగుల్‌లో తెలుగు చేసుకున్నాను. మాకు తెలిసిన ప్రిన్సిపాల్ గారు ఒక్క పీరియడ్‌లో 180 మందితో రోల్ నంబర్లు వేయించి నింపించారు. 200 కావాలి. మిగతా 20 నువ్వే నింపెయ్, ఎవరు చూస్తారు అంటోంది ఫ్రెండ్. స్టాటిస్టిక్స్ అంటే నాకు టెన్షన్. రేపు కౌన్సెలింగ్ చేసుకునేదానికి ఈ రీసెర్చ్ మెథడ్స్ నిజంగా అవసరమా?

జవాబు: ఇరవై కాగితాల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 180 కట్ట విప్పి ప్రతి కాగితంలో తొమ్మిదో ప్రశ్న చూడండి. ఈ రోజే చూడండి. బతకడం కంటే చచ్చిపోవడమే నయం అనిపించిందా, తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అని అడిగే ప్రశ్న అది. ‘దాదాపు ప్రతిరోజూ’ అని ఒక్క పిల్లో పిల్లాడో టిక్ పెట్టి ఉంటే, ఆ సంగతి ఇప్పుడు మీకు తప్ప ఎవరికీ తెలియదు. ‘కొన్ని రోజులు’ అని పెట్టినా తేలిగ్గా తీసుకోవద్దు. వెంటనే మీ గైడ్‌కి ఫోన్ చేయండి. ఆ విద్యార్థిని క్లాసులో పేరు పెట్టి పిలవకుండా, శిక్షణ ఉన్నవాళ్లెవరైనా విడిగా కూర్చుని మాట్లాడేలా ఏర్పాటు చేయించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 దగ్గర పెట్టుకోండి. మీరు కాబోయే సైకాలజిస్టు కాబట్టి మీరే వెళ్లి కౌన్సెలింగ్ మొదలుపెట్టొద్దు.

చాలామంది విద్యార్థులు ఈ ప్రశ్నావళిని పేపర్ కోసం వాడి, మార్కులు కూడి, కట్టను అటక మీద పడేస్తారు. ఇలాంటి సర్వేల కోసమే తొమ్మిదో ప్రశ్న తీసేసిన పీహెచ్‌క్యూ-8 కూడా ఉంది. జవాబు వస్తే ఏం చేయాలో ముందే ఏర్పాటు చేసుకోని ప్రశ్న అడగకూడదు.

ఇక ఆ ఇరవై. నింపొద్దు. చేత్తో కల్పించిన అంకెలు మరీ నీటుగా ఉంటాయి, కాస్త అనుభవం ఉన్న ఎగ్జామినర్ కంట పడతాయి. నెదర్లాండ్స్‌లో డీడెరిక్ స్టాపెల్ అనే పేరున్న సోషల్ సైకాలజీ ప్రొఫెసర్ ఏళ్ల తరబడి డేటా కల్పించారు. అది 2011లో బయటపడింది. ఉద్యోగం పోయింది, ఆయన పేపర్లు యాభైకి పైగా వెనక్కి తీసుకున్నారు. ఆయన గుట్టు విప్పింది ఆయన విభాగంలోనే ఉన్న ముగ్గురు కుర్ర పరిశోధకులు. 

కొలత దగ్గరికి వద్దాం, మీ పనిలో అసలు మెలిక ఇక్కడుంది. మీ టైటిల్‌లో ఉన్నది ఒత్తిడి, కాగితంలో ఉన్నది డిప్రెషన్. రెండూ ఒకటి కావు. పోనీ డిప్రెషనే అనుకుందాం. పీహెచ్‌క్యూ-9లో గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది, ఆపైన వస్తే ఓ మోస్తరు డిప్రెషన్ ఉండొచ్చని లెక్క. ఇప్పుడు మీ హాస్టల్ పిల్లాడిని ఊహించుకోండి. తెల్లారి ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదిన్నర దాకా మళ్లీ స్టడీ అవర్. నిద్ర సరిగ్గా లేదా? ప్రతిరోజూ, 3. నీరసంగా ఉందా? 3. తినబుద్ధి కావడం లేదా? మెస్‌లో రోజూ అదే నీళ్ల సాంబారు, 3. చదివేదాని మీద మనసు నిలవడం లేదా? పదో గంట చదువులో ఎవరికి నిలుస్తుంది, 3. పన్నెండు వచ్చేసింది. ఆ పిల్లాడు ఆదివారం క్రికెట్ ఆడి, ఇంటికి ఫోన్ చేసి నవ్వుతూ మాట్లాడే పిల్లాడు కావచ్చు. మీరు కొలిచింది వాడి మనసునా, హాస్టల్ టైంటేబుల్‌నా? కొలవాలనుకున్నదాన్నే కొలిచామా అనే ఈ ప్రశ్న వేసుకోవడమే వ్యాలిడిటీ. ‘క్రోన్‌బాక్ ఆల్ఫా 0.87’ అని మాన్యువల్‌లోంచి ఎత్తి రాయడంతో అది తీరదు. ఆ అంకె చెప్పేది ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత నిలకడగా పొసుగుతున్నాయో మాత్రమే. మిర్చి యార్డులో కాటా ప్రతి టిక్కీకీ (మిర్చి బస్తాకీ) రెండు కిలోలు తక్కువే చూపిస్తుంటే అది నిలకడగానే ఉన్నట్టు, రైతు మాత్రం రోజూ మునుగుతాడు.

అనువాదం కూడా అంతే. గూగుల్ తెలుగులో ‘నిస్పృహ’ అని వస్తే ఇంటర్ పిల్లలు పక్కవాడి కాగితం చూస్తారు. పీహెచ్‌క్యూకి ముందే తయారైన తెలుగు రూపం ఉంది, వాడుకోవడానికి అనుమతి, రుసుము అక్కర్లేదు. అసలైన పద్ధతి ఏమిటంటే ఒకరు తెలుగు చేస్తారు, ఇంగ్లిష్ మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్ చేస్తారు, రెండూ పక్కన పెట్టి చూస్తారు. తర్వాత పదిమంది పిల్లలతో చదివించి ‘నీకేం అర్థమైంది?’ అని అడుగుతారు.

ఇంకో మాట. ఒక కాలేజీలో నేనే ఇలాంటి ప్రశ్నావళి ఇస్తుంటే లెక్చరర్ గారు సాయం చేద్దామని బెంచీల మధ్య తిరిగారు. ఆయన దగ్గరికి వచ్చిన వరుసలో పెన్నులన్నీ ‘అస్సలు లేదు’ మీదికి జరిగాయి. ఆ కట్ట మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది. రోల్ నంబరు వేయించినచోట పిల్లలు నిజం రాస్తారని నేను అనుకోను.

ప్రిన్సిపాల్ గారి అనుమతి గురించి. ఆయన ఇచ్చింది మీరు లోపలికి రావడానికి అనుమతి. పిల్లల సమ్మతి వేరు. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమందికి పద్దెనిమిది నిండవు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సంతకం కావాలి, 12 దాటిన పిల్లల రాతపూర్వక అంగీకారమూ కావాలి. ఇదంతా కాగితాల గోల అనుకోకండి. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిచింది. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ల పిల్లలు. అమ్మానాన్నలు పెట్టాల్సిన చోట వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. 2010లో దాన్ని ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోవడానికి టీకాయే కారణమని విచారణలో తేలలేదు. సమ్మతి తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. మీది టీకా కాదు, నిజమే. కానీ మీ దగ్గరున్నది కూడా హాస్టల్ పిల్లల తరఫున ఒక పెద్దాయన చెప్పిన ‘సరే’నే.

అందుకని ఆ 180 కాగితాలు డిజర్టేషన్‌లో వాడొద్దనే నా సలహా. టైం లేదంటారు, తెలుసు. పద్దెనిమిది నిండిన డిగ్రీ విద్యార్థులను తీసుకోండి, వాళ్ల సంతకం చాలు. వద్దనుకున్నవాళ్లు లేచి వెళ్లిపోవచ్చని ముందే చెప్పండి. 80 మంది వచ్చినా సరే. ముందుగా మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీకి ప్రపోజల్ పెట్టండి, ఎంత పడుతుందో అడగండి.

ఇవన్నీ కౌన్సెలింగ్‌కి అవసరమా అన్నారు. క్లినికల్ సైకాలజిస్టుగా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ వచ్చాక మీ దగ్గరికొచ్చే మొదటి పనుల్లో ఒకటి పిల్లల ఐక్యూ టెస్టు. బినే-కామత్ టెస్టు అయినా, ఎమ్‌ఐఎస్‌ఐసీ టెస్టు అయినా, 70 దగ్గర ఒక గీత ఉంటుంది, దానికి కింద వస్తే మేధో వైకల్యం ఉండొచ్చని లెక్క. మీరు 72 అని రాసిన పిల్లాడికి మరో రోజు, మరో గదిలో 68 రావచ్చు. కొలత దోషమంటే అదే, మీరు టెన్షన్ పడే స్టాటిస్టిక్స్‌లో ఒక చాప్టరు. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ కోసం పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తల్లికి ఆ నాలుగు పాయింట్లు చిన్నవి కావు. అంకె పక్కన ‘ఇంతకు ఇంత అటూఇటూ’ అని రాయడం, పిల్లాడు ఇంట్లో ఏం చేసుకోగలడో కూడా అడిగి నమోదు చేయడం మీకు రావాలి.

ఉద్యోగాల సంగతి క్లుప్తంగా. యూజీసీ నెట్ సైకాలజీ సిలబస్‌లో రీసెర్చ్ మెథడాలజీ, స్టాటిస్టిక్స్ ఒక యూనిట్, సైకలాజికల్ టెస్టింగ్ మరో యూనిట్. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదట్లో నెలకు 37 వేలు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ లాంటి చోట్ల రీసెర్చ్ ప్రాజెక్టుల్లో తాత్కాలిక పోస్టులు పడుతుంటాయి, క్లినికల్ కోర్సులో సీటు రాని ఏడాదికి అవి మంచి ఆసరా. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో యూజర్ రీసెర్చ్ (వాడేవాళ్ల అవసరాలు, ఇబ్బందులు తెలుసుకునే) పనికి కూడా సైకాలజీ వాళ్లను తీసుకుంటున్నారు, అక్కడ అడిగేది ప్రశ్నావళి సరిగ్గా రాయడం వచ్చా అనే. క్లినికల్ కోర్సుల నిబంధనలు మారుతున్నాయి కాబట్టి ఎక్కడ చేరినా ఫీజు కట్టే ముందు ఆర్‌సీఐ వెబ్‌సైటులో ఆ కాలేజీ పేరు చూసుకోండి.

స్టాటిస్టిక్స్‌కి ఒక చిట్కా: సాఫ్ట్‌వేర్ తెరవకముందు, డిజర్టేషన్ కోసం కాదు, సాధన కోసం, ఆ 180లోంచి పది కాగితాల మార్కులు చేత్తో ఒక టేబుల్‌లో వేసి, ఏ ప్రశ్న దగ్గర అందరికీ 3 వచ్చిందో చూడండి. గైడ్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ టేబుల్‌తో పాటు హాస్టల్ స్టడీ అవర్ల టైంటేబుల్ కూడా పట్టుకెళ్లండి.