పాత సీబీ సెట్టు: గరగర తప్ప మాట వినపడదేం?

ఈసారి ప్రశ్నలన్నీ ఒడిశా సరిహద్దు జిల్లాల పాఠకులవి. అన్నీ సెకండ్‌హ్యాండ్ సీబీ (సిటిజన్ బ్యాండ్) రేడియోల గురించే, అంటే మైకు నొక్కి ఒకరితో ఒకరు మాట్లాడుకునే సెట్లు.

ప్రశ్న: పాత సామాన్ల కొట్టులో 40 ఛానెళ్ల ఏఎం సెట్టు కొన్నాను. 12 వోల్టుల బ్యాటరీ మీద నడుపుతున్నాను. మా తమ్ముడు తన సెట్టుతో వీధిలో ఉన్నంతసేపే వినిపిస్తాడు. మహేంద్రతనయ నది దాటాడంటే గరగర తప్ప ఏమీ లేదు. నా మాట మాత్రం వాడికి బాగానే అందుతోంది. ఏరియల్ డాబా మీద ఉంది, దానికి డిష్ వైరు వేశాం. లోపలి కాయిళ్లు తిప్పిస్తే బాగవుతుందని మెకానిక్ అంటున్నాడు. తిప్పించమంటారా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: వద్దు. ఆ కాయిళ్ల రేకు డబ్బాల్లో ఉన్న ఫెర్రైట్ మరల్ని ఫ్యాక్టరీలో సిగ్నల్ జనరేటర్ (పరీక్ష సిగ్నల్ ఇచ్చే పరికరం) పెట్టి సరిచేస్తారు. అవి వాటంతట అవి తిరిగిపోవు. ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే పగిలి లోపలే ఇరుక్కుంటాయి. పాత సెట్లు చెడేది ఎక్కువగా ఇలాంటి వైద్యంతోనే.

మీ ఉత్తరంలో అసలు ఆచూకీ ఒకటుంది. మీ మాట ఆయనకి బాగా అందుతోందన్నారు. పంపడానికైనా వినడానికైనా ఏరియల్, కేబులు అవే కదా. వాటిలో లోపముంటే రెండు వైపులా దెబ్బ తగలాలి. కనుక మీ ఇంటి దగ్గరి విద్యుత్ గోల ఆయన సిగ్నల్‌ని ముంచేస్తూ ఉండాలి, లేదంటే సెట్టుకే చెవుడు వచ్చి ఉండాలి. ఏది నిజమో తేల్చడానికి సెట్టు విప్పక్కర్లేదు.

ఎవరూ మాట్లాడని ఛానెల్ పెట్టండి. స్క్వెల్చ్‌ని (ఖాళీ ఛానెల్ గరగరని నొక్కేసే నాబ్) పూర్తిగా ఎడమకీ, ఆర్‌ఎఫ్ గెయిన్‌ని (వచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) పూర్తిగా కుడికీ తిప్పండి. లోకల్, డీఎక్స్ (దూరం) అనే స్విచ్చి ఉంటే డీఎక్స్ వైపు వేయండి. (ఆర్‌ఎఫ్ గెయిన్ సగంలో ఉండిపోయి సెట్టు చెడిందనుకునేవాళ్లు తక్కువేం కాదు.) ఇప్పుడు గరగర వింటూ వెనకవైపు ఏరియల్ ప్లగ్గు విప్పండి.

గరగర ఒక్కసారిగా పడిపోయిందా? అయితే సెట్టు వింటోంది, తప్పు బయట ఉంది. ప్లగ్గు మళ్లీ బిగించి ఇంటి మెయిన్ ఆపేయండి. సెట్టు మీది సిగ్నల్ మీటరు ముల్లు దిగిందంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో ఎంసీబీ ఎక్కిస్తూ పోతే దొరుకుతాడు. ఎక్కువగా చవక ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్, ఇన్వర్టర్, ఈ మూడిట్లో ఒకటి. మెయిన్ ఆపినా ముల్లు దిగకపోతే పక్కిళ్లనీ కరెంటు స్తంభాన్నీ అనుమానించాలి. ఎండలో చిటపటలాడి, వాన పడగానే మారిపోయే గోల తరచు పగిలిన ఇన్సులేటర్‌దో వదులైన జాయింట్‌దో అయి ఉంటుంది. ఏరియల్‌ని ఇంటి వైరింగ్‌కి వీలైనంత దూరం జరిపితే కొంత ఉపశమనం.

ప్లగ్గు విప్పినా బిగించినా గరగరలో తేడా లేదా? అప్పుడు సెట్టు విప్పాలి. ముందు బ్యాటరీ వైరు తీసేయండి. ఏరియల్ సాకెట్టు నుంచి మొదటి ట్రాన్సిస్టర్‌కి వెళ్లే దారిలో, గ్రౌండ్‌కి ఎదురెదురుగా కట్టిన రెండు చిన్న గాజు డయోడ్లు చాలా సెట్లలో ఉంటాయి. బలమైన సిగ్నల్ లోపలికి రాకుండా అడ్డుకోవడం వాటి పని. దగ్గర్లో పిడుగు పడినా, పక్కనే ఇంకో సెట్టు మైకు నొక్కినా ముందు బలయ్యేది అవే. ఒకటి షార్టయితే వచ్చిన సిగ్నల్ అంతా గ్రౌండ్‌లోకి పోతుంది, పంపడం మాత్రం బాగానే ఉంటుంది. సరిగ్గా మీ లక్షణమే.

డయోడ్ ఒక కాలు బోర్డు నుంచి లేపి, మల్టీమీటరుని డయోడ్ రేంజిలో పెట్టి చూడండి. సిలికాన్ డయోడైతే ఒకవైపు సుమారు 0.6 వోల్టులు, జర్మేనియమైతే 0.2 నుంచి 0.3 దాకా చూపాలి. తిప్పిపెడితే ఏమీ చూపకూడదు. రెండు వైపులా చూపితే మార్చేయండి. సిలికాన్ డయోడ్ అయితే 1ఎన్4148 సరిపోతుంది, కొద్ది రూపాయల సరుకు. డయోడ్లు రెండూ బాగుంటే సెట్టు ఆన్ చేసి మొదటి ఆర్‌ఎఫ్ ట్రాన్సిస్టర్ బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య కొలవండి. 0.6 నుంచి 0.7 వోల్టులు లేకపోతే ట్రాన్సిస్టర్ పోయింది, లేదా దానికి కరెంటు ఇచ్చే రెసిస్టర్ పోయింది. అది కూడా దాటితే సిగ్నల్‌ని తక్కువ ఫ్రీక్వెన్సీకి దించే 10.695 మెగాహెర్ట్జ్, 455 కిలోహెర్ట్జ్ దశలు వస్తాయి. ఆ పని సిగ్నల్ జనరేటర్ ఉన్న మెకానిక్‌కే వదలండి.

డిష్ వైరు సంగతి. అది 75 ఓమ్స్, సెట్టుకి కావలసింది 50. ఇది అంత పెద్ద నేరం కాదు. అసలు చిక్కు దాని అల్యూమినియం జాలీతో: టంకం పట్టదు, ప్లగ్గు దగ్గర ఇవాళ కాకపోతే రేపు వదులవుతుంది. ఆర్‌జీ-58 రాగి కేబులు వేసుకోండి.

ఇంకొకటి. మన దేశంలో 2005 నియమాల ప్రకారం లైసెన్సు లేకుండా వాడుకోగల సీబీ బ్యాండు 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకానే, పవరు 5 వాట్లు మించకూడదు. మీ సెట్టులో 27వ ఛానెల్ 27.275. 28వది 27.285, అంటే గీత దాటినట్టే. ఆ పైవి వినండి, మైకు మాత్రం నొక్కకండి.

ప్రశ్న: లైటు వెలుగుతోంది, ఛానెల్ నంబరు మారుతోంది, కానీ గరగర కూడా లేదు. సెట్టుతో మైకు ఇవ్వలేదు. స్పీకరు పోయినట్టా?
— గుణుపురం

జవాబు: మైకు లేకపోవడమే కారణం కావచ్చు. పాత సెట్లు చాలావాటిలో స్పీకరు దారి మైకు బటన్ గుండా తిరిగి వస్తుంది. మైకు పీకేస్తే సెట్టు మూగబోతుంది. కోబ్రా తరహా నాలుగు పిన్నుల సాకెట్టులో 1 గ్రౌండు, 2 మాట, 3 పంపడం, 4 వినడం. చిన్న వైరు ముక్కతో 1నీ 4నీ కలపండి. గరగర వచ్చిందంటే సెట్టు క్షేమం, కావలసింది మైకే. పొరపాటున 1నీ 3నీ కలిపితే సెట్టు పంపడం మొదలెడుతుంది. అప్పుడు ఏరియల్ లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌కి ముప్పు. వేరే కంపెనీల వరస వేరు, అందుకని ముందు మాన్యువల్ చూడండి. మైకు కొనేటప్పుడు కూడా పిన్నులు సరిపోతే చాలదు, వైరింగు కూడా సరిపోవాలి.

కలిపినా మూగగానే ఉంటే పీఏ స్విచ్చి (మైకు మాటని బయటి లౌడ్‌స్పీకరుకి మళ్లించేది) సీబీ వైపు ఉందో లేదో చూడండి. ఆ తర్వాత వెనక బయటి స్పీకరు రంధ్రంలో 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గు పదిసార్లు పెట్టి తీయండి. అక్కడి రేకులు చిలుము పట్టి లోపలి స్పీకరుని కలపవు.

ప్రశ్న: సుంకి ఘాట్‌లో మా రెండు లారీల మధ్య మాట కోసం సెట్లు పెట్టాం. బండ్లు 24 వోల్టులవి, ఒక బ్యాటరీ నుంచే 12 తీసుకున్నాం. ఇంజను పెంచితే కీచుమంటుంది, మలుపుల్లో మాట తెగుతుంది.
— జయపురం

జవాబు: ముందు ఆ కనెక్షన్ తీసేయండి. ఒక బ్యాటరీ ఎప్పుడూ తక్కువ ఛార్జిలో, రెండోది ఎక్కువ ఛార్జిలో ఉండి రెండూ పాడవుతాయి. 24 నుంచి 12కి దించే 5 ఆంపియర్ల కన్వర్టర్ కొనండి. సెట్టు పంపేటప్పుడు కూడా తీసుకునేది సుమారు 2 ఆంపియర్లే. కన్వర్టర్ కొట్లోనే, సెట్టు పక్కన ఆన్ చేసి వినండి. ఫిల్టరు లేని చవకవి వాటి గోల అవి చేస్తాయి.

డీజిల్ ఇంజనుకి స్పార్క్ ప్లగ్గులుండవు. ఇంజనుతో పాటు పెరిగే కీచు ఆల్టర్నేటర్‌దే. ఏరియల్ విప్పినా అది వినిపిస్తే పవరు వైరులోంచి వస్తోందన్నమాట. ప్లస్, మైనస్ రెండు వైర్లనీ కలిపి ఫెర్రైట్ రింగు మీద ఐదారు చుట్లు చుట్టండి. ఏరియల్ విప్పగానే పోతే దాని బ్రాకెట్ కింద రంగు గీకి, ఛాసిస్‌కి ఒక ఓమ్ లోపు తగులుతోందో లేదో కొలవండి. మలుపుల్లో తెగడం సెట్టు లోపం కాదు. మధ్యలో కొండ ఉంది.

ప్రశ్న: పగటిపూట 13, 14 ఛానెళ్లలోనే జుయ్‌మని మోత. రాత్రికి ఉండదు.
— బరంపురం

జవాబు: చుట్టుపక్కల ప్లాస్టిక్ సంచులో రెక్సిన్ కవర్లో అతికించే పని జరుగుతోందేమో చూడండి. ఆ హై ఫ్రీక్వెన్సీ వెల్డింగ్ యంత్రాలు 27.12 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. మీ 13వ ఛానెల్ 27.115, 14వది 27.125. లైసెన్సు లేని బ్యాండు కాబట్టి ఫిర్యాదు చేసే హక్కు మనకి లేదు. 1వ ఛానెల్ వైపు జరగండి.

ప్రశ్న: బోటులో ఈ సెట్టు పెట్టుకుని సముద్రంలోకి వెళ్లొచ్చా? నెల తిరక్కుండా వినికిడి తగ్గిపోతోంది.
— గోపాల్‌పూర్

జవాబు: బోట్ల మధ్య కబుర్లకి సరే. ఆపదకి దీన్ని నమ్ముకోవద్దు. అందుకు మెరైన్ వీహెచ్‌ఎఫ్ (ఓడలు, బోట్లు వాడే వేరే రేడియో) 16వ ఛానెల్, 156.8 మెగాహెర్ట్జ్ ఉంది. ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డు నంబరు 1554. వినికిడి తగ్గడానికి కారణం ఉప్పు గాలి. ఏరియల్ చివర ప్లగ్గులోంచి తేమ కేబులు లోపలికి పాకుతుంది, జాలీ నల్లబడుతుంది. నల్లబడిన జాలీని తోమి మళ్లీ వాడకండి. ఎర్ర రాగి కనిపించేదాకా కేబులు కోసి, కొత్త ప్లగ్గుకి టంకం వేసి, సాగదీస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు ప్లగ్గు కింద నుంచి పైకి, సగం సగం కప్పుతూ చుట్టండి.