సంతకం అంటే చేతులు వణుకుతున్నాయి.. విడాకుల కేసు నడుస్తుండగా సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 61. మాది గుంటూరు. మావారు ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు, ఆయనకు 67. పెళ్లయి 38 ఏళ్లు. ఏడాదిన్నరగా వేరుగా ఉంటున్నాం. ఆరు నెలల కిందట ఆయనే విడాకులకు కేసు వేశారు. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. పొలం, ఎఫ్‌డీలు ఎవరి పేరున ఎంతున్నాయో నాకు సరిగ్గా తెలియదు, లెక్కలన్నీ ఆయనే చూసేవారు. లాయర్ అడిగిన కాగితాల కోసం బీరువా తలుపు తీస్తే చాలు, గుండె దడ, చేతుల వణుకు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే ఇక నిద్ర ఉండదు. మందుల షాపులో అడిగి ఆల్‌ప్రజోలామ్ 0.5 నిద్రమాత్ర తెచ్చుకుని మూడు నెలలుగా వేసుకుంటున్నా. బీపీ 164/98 ఉంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 7.2 నుంచి 8.9కి పోయింది. ఆరు కిలోలు తగ్గాను. స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోతున్నా, అల్జీమర్స్ ఏమో అని భయం. మా అమ్మాయి సైకియాట్రిస్టుకి చూపిద్దామంటోంది. వెళితే ‘పిచ్చిది’ అని అవతలి లాయర్ కోర్టులో అంటాడేమో. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ‘నాన్న పంపిన కాంప్రమైజ్ పేపర్ల మీద సంతకం పెట్టెయ్యమ్మా, టెన్షన్ పోతుంది’ అంటున్నాడు. విడాకులైతే ఆయన పెన్షన్ మీదున్న హెల్త్ కార్డు పోతుందా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అడిగిన వరసలో కాకుండా, ముందు ఆ మాత్ర గురించి చెబుతాను. మిగతావన్నీ దానికే ముడిపడి ఉన్నాయి.

ఆల్‌ప్రజోలామ్ రాత్రి వేసుకుంటే పొద్దున్నకి దిగిపోతుందని చాలామంది అనుకుంటారు. అరవై దాటాక అది ఒంట్లోంచి అంత తొందరగా పోదు. మర్నాడు కూడా తల మందంగా ఉంటుంది, అడుగు తూలుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కొత్తగా విన్నదీ చదివిందీ బుర్రలో నిలవనివ్వదు. మీ పాలు పొంగిపోవడంలో ఈ మాత్రకి పెద్ద వాటాయే ఉండొచ్చు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రిజిస్టర్‌లో రాసుకోవాలి. మీ వీధి చివర షాపు అదేమీ పట్టించుకోలేదన్నమాట. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. మూడు నెలలు వాడాక ఒక్కసారిగా ఆపితే వణుకు, దడ రెట్టింపవుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం కొన్ని వారాలు పట్టి మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

అది జరిగేదాకా రాజీ, ఆస్తి కాగితాలు వేటి మీదా సంతకం పెట్టకండి. ఇది లాయర్ మాటగా చెప్పడం లేదు, మందు రాసేవాడి మాటగా చెబుతున్నా. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చారు. బీపీ చూద్దామని చెయ్యి చాపమంటే ఎడమ బొటనవేలికి ఇంకు మరక ఉంది. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి నేరుగా వచ్చారట. ఏం రాసిచ్చారమ్మా అంటే, ‘రాజీ కాగితమే అన్నారండీ’ అన్నారు. సంచిలోంచి జిరాక్స్ తీసి ఇస్తే చదివాను. తన వాటా ఇల్లు దానంగా ఇచ్చేసినట్టు రాసి ఉంది. అదే సంచిలో సగం ఖాళీ అయిన నిద్రమాత్రల స్ట్రిప్. రిజిస్టరైన గిఫ్ట్ డీడ్‌ని వెనక్కి తిప్పడం సులువు కాదు, ఆవిడ ఇంకా కోర్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

ఇక మీ జబ్బు. మూడింటికే మెలకువ రావడం, బరువు తగ్గడం, మతిమరుపు, కాగితం చూస్తే దడ.. ఇవన్నీ కలిపి చూస్తే నాకు అల్జీమర్స్ కంటే డిప్రెషన్ మీద అనుమానం ఎక్కువ. దానికి ఆందోళన తోడైంది. ఒక చిన్న గుర్తు చెబుతాను. అల్జీమర్స్ ఉన్నవాళ్లు తమ మతిమరుపు గురించి పెద్దగా చెప్పుకోరు, వెంట వచ్చిన పిల్లలు చెబుతారు. డిప్రెషన్ ఉన్నవాళ్లు తామే వచ్చి మర్చిపోతున్నామని బాధపడతారు. మీరు మూడు నెలల షుగర్ రిపోర్టు అంకె దశాంశంతో సహా గుర్తుపెట్టుకుని రాశారు! అయినా ఊహతో వదిలేయకూడదు. థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్, సోడియం, కిడ్నీ పరీక్షలు చేయించండి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవారిలో బీ12 తగ్గి కూడా మతిమరుపు, నీరసం వస్తాయి. సోడియం ఎందుకంటే, బీపీకి నీరు పోయే మాత్ర వాడుతుంటే అది పడిపోయే వీలుంది. డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మందులు దాన్ని ఇంకా తగ్గిస్తాయి, కాబట్టి మీ మాత్రలన్నీ ఆ డాక్టర్‌కి చూపించాలి. ఆ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారం వాడి ‘గుణం లేదు’ అని మానేయకండి.

షుగర్, బీపీ పెరగడానికి టెన్షన్ ఒక కారణమే. టెన్షన్‌లో అడ్రినలిన్, కార్టిసాల్ ఎక్కువై రెండూ పైకి లేస్తాయి. కానీ నిజం చెప్పండి, మధ్యాహ్నం అన్నం ఎన్నిసార్లు మానేసి టీ బిస్కట్లతో గడిపారు? మాత్రలు ఎన్నిసార్లు తప్పాయి? ఇంట్లో బీపీ మిషన్ పెట్టుకుని వారం రోజులు పొద్దున, సాయంత్రం చూడండి. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చుని, కాళ్లు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి రెండేసి సార్లు చూసి రాయండి. కాగితాలు ముందేసుకుని మాత్రం చూడొద్దు, అప్పుడు ఎవరికైనా పెరుగుతుంది. దడ అన్నారు కాబట్టి ఈసీజీ తప్పనిసరి. మీ వయసు ఆడవాళ్లలో గుండెపోటు ఛాతీ నొప్పిగానే రానక్కరలేదు. దవడ లాగడం, వీపు మధ్య బరువు, చెమట, ఆయాసం.. ఇలా వస్తే గ్యాస్ అని జెలుసిల్ తాగి పడుకోకుండా 108కి ఫోన్ చేయండి.

పిచ్చిది అంటారన్న భయం గురించి. హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత ఒక కారణంగా ఉన్నమాట నిజమే. కానీ అది కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రమైనదై ఉండాలని సెక్షన్ 13లోనే రాసి ఉంది. నిద్ర పట్టక, దిగులుతో మందు వాడిన మనిషికి అది వర్తించదు. పైగా వైద్యం వివరాలు రహస్యంగా ఉంచాల్సిన బాధ్యత 2017 మానసిక ఆరోగ్య చట్టం డాక్టర్ మీద పెట్టింది. మీవారు ఫోన్ చేసి అడిగినా చెప్పకూడదు. కోర్టు ఆదేశిస్తే ఇవ్వాల్సి వస్తుంది, రానివ్వండి. ఆ ఫైల్లో ఏముంటుంది? ‘నిద్ర లేదు, బరువు తగ్గింది, చికిత్సతో మెరుగు’ అని ఉంటుంది. చీటీ లేకుండా మూడు నెలలు నిద్రమాత్ర మింగారన్న సంగతి కంటే అది మీకు వెయ్యి రెట్లు మేలు. ఇంకొకటి: 2020 నవంబర్‌లో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, భరణం అడిగే కేసుల్లో ఇద్దరూ ఆస్తిపాస్తులు, ఆదాయం, అప్పులు అన్నీ అఫిడవిట్‌లో రాసివ్వాలంది. ఆ నమూనాలో ఆరోగ్య వివరాలకూ చోటుంది. అంటే మీ మందుల బిల్లులు, రిపోర్టులు మీకు పనికొచ్చే కాగితాలే. తేదీల వారీగా దాచండి.

ఇదే అఫిడవిట్‌తో మీ ఇంకో భయం కూడా సగం తీరాలి. ‘లెక్కలు నాకు తెలియవు’ అన్నారు. తెలియకపోవడం మీ తప్పు కాదు, మీ తరంలో ఇంటింటా అంతే. ఇప్పుడాయన ఎఫ్‌డీలు, పెన్షన్, పొలం అన్నీ ప్రమాణం చేసి చెప్పాలి. మీరు చేయాల్సిందల్లా అది నిజమో కాదో సరిచూసుకునేంత ఆధారం పోగుచేసుకోవడం. మనదగ్గర విడాకులైతే ఆస్తి చెరిసగం అనే చట్టం లేదు. ఎవరి పేరున ఉంది, ఎవరు డబ్బు పెట్టారు అన్నదే చూస్తారు, కాబట్టి కాగితానికి అంత విలువ. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, మీకంటూ ఇచ్చినవి స్త్రీధనం, అందులో ఆయనకి వాటా లేదు.

ఈ పనికి నేను మందు రాసినట్టే టైమ్ రాస్తాను. ఉదయం టిఫిన్ తిని, మాత్రలు వేసుకున్నాక, తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి నలభై నిమిషాలు. అంతే. పక్కన అమ్మాయో చెల్లెలో ఎవరో ఒకరు ఉండాలి. దీపాలు పెట్టాక బీరువా తలుపు తీయొద్దు, ఆ రాత్రి నిద్ర పోయినట్టే. మొదటి రోజు చదవనే వద్దు, ఒక్కో కాగితానికి ఫోన్‌లో ఫొటో తీయండి చాలు. రెండో రోజు నుంచి నాలుగు అట్ట ఫైళ్లలో వేయండి: ఇల్లు పొలం ఒకదాంట్లో, బ్యాంకు ఎల్ఐసీ ఒకదాంట్లో, ఆయన పీపీవో (పెన్షన్ మంజూరు పత్రం) కాపీ, పాత ఐటీ రిటర్నులు దొరికితే ఒకదాంట్లో, మీ వైద్యం నాలుగోదాంట్లో. చెయ్యి వణకడం మొదలైతే ఆ కాగితం బోర్లించి, ముక్కుతో గాలి పీల్చి, పీల్చినదానికి రెట్టింపు సేపు నోటితో మెల్లగా వదలండి. పదిసార్లు చేశాక కూడా వణుకుతుంటే ఆ రోజుకి ఫైల్ కట్టేయండి, కాగితం ఎక్కడికీ పోదు. దొరకని దస్తావేజు కోసం ఇల్లంతా తిరగేసి నడుం పట్టించుకోవద్దు. ఇంటి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం), దస్తావేజు నకలు రిజిస్ట్రేషన్ శాఖ నుంచి మీరే తీసుకోవచ్చు, ఆయన సంతకం అక్కర్లేదు. పొలానికి 1బీ, అడంగల్ అనే రెవెన్యూ రికార్డులూ అంతే. అసలు కాగితాలు ఎవరికిచ్చినా, మీ లాయర్‌కైనా సరే, రాయించుకుని ఇవ్వండి.

లాయర్ ఫీజు భారమైతే, ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగొచ్చు, ఫోన్ అయితే 15100. కేసు నడుస్తున్నంత కాలం మధ్యంతర భరణం, కోర్టు ఖర్చులు హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద అడిగే హక్కు కూడా ఉంది. మీ లాయర్ ఇప్పటికే వేసి ఉండకపోతే ఎందుకు వేయలేదో అడగండి.

హెల్త్ కార్డు విషయంలో మీ భయం నిజమే. పెన్షనర్ కార్డు మీద మీరు భార్యగా ఉన్నారు. విడాకుల డిక్రీ వచ్చాక ఆ చోటు ఉండదు. ఫ్యామిలీ పెన్షన్ కూడా అంతే, రేపు ఆయనకేదైనా అయినా విడాకులు తీసుకున్న భార్యకి రాదు. కాంప్రమైజ్ పేపర్లలో ఎంత ఇస్తామన్నారో చూసేటప్పుడు ఈ రెండింటి ఖరీదు కూడా లెక్కలో ఉండాలి. షుగర్, బీపీ ఉన్న 61 ఏళ్ల మనిషికి వచ్చే ఇరవై ఏళ్ల వైద్యం మామూలు ఖర్చు కాదు, ‘వైద్య ఖర్చులకి’ అని విడిగా అడగమని లాయర్‌కి చెప్పండి. తీర్పు దాకా ఆగకుండా ఇప్పుడే మీ పేరున సొంత ఆరోగ్య బీమా పాలసీ చూసుకోండి. 65 దాటితే పాలసీ ఇవ్వరన్న పాత పరిమితిని 2024లో తీసేశారు. ముందే ఉన్న జబ్బులకు ఆగాల్సిన కాలం ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు. ఆ గడియారం ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. షుగర్ ఉందని దాచి పాలసీ తీసుకోకండి, క్లెయిమ్ రోజున అదే మెడకి చుట్టుకుంటుంది. 70 నిండాక ఆదాయం చూడకుండా ఏటా 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, కానీ మధ్యలో తొమ్మిదేళ్లు ఉన్నాయి. ఎల్ఐసీ, బ్యాంకు నామినీలు విడాకులతో వాటంతటవే మారవు, మీ ఖాతాలవి మీరే మార్చుకోవాలి.

వాయిదా రోజు ఖాళీ కడుపుతో కోర్టుకి వెళ్లకండి. షుగర్ మాత్ర వేసుకుని మధ్యాహ్నం రెండింటిదాకా బెంచీ మీద కూర్చుంటే పడిపోతారు. పెరుగన్నం బాక్సు, నీళ్లు, రెండు చాక్లెట్లు సంచిలో ఉండాలి. నిజంగా ఒంట్లో బాగోలేకపోతే సర్టిఫికెట్ ఇస్తాం, వాయిదా కోరొచ్చు. (బాగున్నా ఇవ్వమని వచ్చేవాళ్లు నెలకి ఇద్దరైనా ఉంటారు. నేను ఇవ్వను. తర్వాత నిజంగా జబ్బు చేసినప్పుడు ఆ మనిషి మాట జడ్జి నమ్మడు.)

మీ అబ్బాయికి ఇది చూపించండి. బాబూ, పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునేవాళ్లకే చట్టం మొదటి పిటిషన్‌కీ రెండోదానికీ మధ్య ఆరు నెలలు పెట్టింది, మనసు మార్చుకునే వీలుండాలని. కోర్టు తగిన కేసుల్లో ఆ గడువు తగ్గించవచ్చు, అది వేరే మాట. అమ్మకి ఈ వారమే పెట్టెయ్యమని చెప్పాల్సిన తొందరేమీ లేదు. నీకు వీలైతే వీడియో కాల్‌లో ఆ నలభై నిమిషాలు పక్కన కూర్చో, ఎఫ్‌డీ రసీదుల అంకెలు చదివి పెట్టు.

ఒక ప్రశ్న మీరు రాయలేదు గానీ నేను అడగాలి. తెల్లవారుజామున మెలకువగా ఉన్నప్పుడు ‘ఇక బతికి ఏం లాభం’ అన్న ఆలోచన వస్తోందా? వస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అమ్మాయికి అదే రాత్రి చెప్పండి, నిద్రమాత్రల స్ట్రిప్ ఆమె దగ్గర పెట్టండి.

ఈ వారంలోనే మీ ఫిజీషియన్‌ని, ఒక సైకియాట్రిస్టుని కలవండి. వెళ్లేటప్పుడు అప్పటిదాకా రాసిన బీపీ చిట్టా, వాడుతున్న మాత్రలన్నీ స్ట్రిప్పులతో సహా ఒక కవర్లో, పాత రిపోర్టులు, వెంట అమ్మాయి ఉండాలి. కోర్టు కాగితాల సంచి మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.