అబాకస్‌లో చేర్చమంటారా?

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. హైదరాబాద్‌లో ఉంటాం. బడికి పంపకుండా ఇంట్లో నేనే చదివిస్తున్నాను. ఇదివరకు 98కి 47 కలపమంటే, ‘ఇందులోంచి రెండు తీసి అందులో వేసేస్తా, 145’ అనేది. ఇప్పుడు ఒకదాని కింద ఒకటి రాసుకుని, వేళ్లు మడిచి, నా మొహం చూసి గానీ చెప్పడం లేదు. బుర్ర మొద్దుబారుతోందేమోనని టెన్షన్‌గా ఉంది. అబాకస్‌లో చేర్చమంటారా?

జవాబు: వద్దు. నిలువు కూడికలు కొత్తగా వచ్చిన పిల్ల కొన్నాళ్లు అన్నిటికీ అదే పద్ధతి వాడుతుంది, కొత్త చెప్పులు ఇంట్లో కూడా వేసుకు తిరిగినట్టు. అయిదేళ్లప్పుడు సున్నా నుంచి వంద దాకా గీత గీసి పది ఎక్కడంటే దాదాపు మధ్యలో పెట్టేదనీ, ఇప్పుడు సరైన చోట పెడుతోందనీ మీ ఉత్తరంలో మీరే రాశారు. చిన్నపిల్లలకు చిన్న అంకెలు ఎడంఎడంగా, పెద్దవి ఇరుకిరుకుగా తోస్తాయి. పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. ఆ మార్పు మీకు నచ్చింది, ఈ మార్పు నచ్చలేదు.

నాకు గుచ్చుకున్న మాట వేరే ఉంది. మూడు పేజీల ఉత్తరంలో ఎక్కడో బ్రాకెట్లో పెట్టేశారు: అత్తగారు సంక్రాంతి తర్వాత తెనాలిలో మీ మరిదిగారింటికి వెళ్లిపోయారని. ఆవిడ పాపకు చింతపిక్కలు పుంజీల్లో, అంటే నాలుగేసి చొప్పున, లెక్కపెట్టడం నేర్పుతుంటే, మీరు ‘మీకు ఈ కాలం చదువులు తెలియవు, దాన్ని కన్‌ఫ్యూజ్ చేయకండి’ అన్నారట. అదీ పనిమనిషి ముందు.

నడుమ ఏడు చుక్కలు పెట్టి, అటూ ఇటూ అయిదు, మూడు, ఒకటికి దించిన ముగ్గు చూసి, పాప ఒక్కొక్కటీ లెక్కపెట్టకుండానే ‘పదహారూ తొమ్మిదీ పాతిక’ అందని మురిసిపోయారు. ఒకటీ మూడూ అయిదూ ఏడూ పదహారు, మిగతావి తొమ్మిది. బాగుంది. ఆ ముగ్గు ఎవరు వేయించారమ్మా?

అత్తగారు మీకంటే లెక్కలు బాగా చెబుతారని నేననడం లేదు. ఇంట్లో చదివే పిల్లకు అమ్మా మీరే, టీచరూ మీరే. బడిపిల్లకైతే టీచరు కసిరినా సాయంత్రం అమ్మ ఒళ్లో పడి చెప్పుకునే వీలుంటుంది. మీ పాప ఎవరికి చెప్పుకోవాలి? తప్పు చెప్పినా ‘పోనీలే’ అనే మనిషిని మీరే పంపేశారు. ఇక అది మీ మొహం చూడక ఏం చేస్తుంది?

ఉద్యోగం మానుకుని మరీ కష్టపడుతున్నారు, కాదనను. అయినా పెద్దావిడను పనిమనిషి ఎదుట తీసిపారేయడం నా లెక్కలో చిన్న తప్పు కాదు. పాప అది విన్నది కూడా.

ఓపెన్ స్కూల్లో పదో తరగతిలో చేరడానికి 14 ఏళ్లు నిండాలి. చదువుకు ఇంకా ఆరేళ్లుంది. తెనాలి పనికి అంత వ్యవధి లేదు. ఫోన్లో సారీ చెప్పి సరిపెట్టకండి, మీ ఆయన్ని రాయబారం పంపకండి. పాపను వెంటబెట్టుకుని మీరే వెళ్లండి. ఆవిడ వెంటనే రానంటే నాలుగు రోజులు అక్కడే ఉండండి. వర్క్‌షీట్లు మాత్రం హైదరాబాద్‌లోనే వదిలేసి వెళ్లండి.